నర్సమ్మ చెప్పే మాట, పంచాయతీ చేసే పని

జడ్చర్ల చౌరస్తాలో నిలబడితే నాలుగు దిక్కులకు రోడ్లు కనబడతాయి. ఒకటి హైదరాబాదుకు పోతుంది. ఒకటి కర్నూలుకు పోతుంది. ఇంకొకటి మహబూబ్‌నగర్‌కు, మరొకటి కల్వకుర్తికి. బాదేపల్లి మార్కెట్‌కు పల్లికాయ, మక్కలు వచ్చేది ఈ రోడ్ల మీదనే. పాలమూరు కూలీలు మూటా ముల్లె కట్టుకొని బొంబాయికి, పూణెకు పోయేదీ ఈ రోడ్ల మీదనే.

రోగాలకు కూడా దారులుంటాయి. కొన్ని నీళ్ల దారిన వస్తాయి. కొన్ని దోమ రెక్కల మీద వస్తాయి. కొన్ని కడగని చేతుల మీద వస్తాయి. ఏ రోగం ఏ దారిన వస్తుందో తెలిస్తే ఆ దారిని మూయవచ్చు. దారి మూసే పని దవాఖానలో జరగదు. ఇంట్లో జరగాలి. వాడలో జరగాలి. పంచాయతీలో జరగాలి.

పిల్లవాడికి జ్వరం వస్తే తల్లి దవాఖానకు తీసుకుపోతుంది. సూది వేయిస్తుంది. మందులు తెస్తుంది. ఆ రోజు కూలి పోతుంది. బస్సు కిరాయి పోతుంది. ప్రైవేటు దవాఖాన అయితే చెవుల కమ్మలు కూడా పోతాయి. జ్వరం తగ్గి ఇంటికి వచ్చాక పిల్లవాడు మళ్లీ అదే మోరి పక్కన ఆడుకుంటాడు. అవే నీళ్లు తాగుతాడు. పది రోజులకు మళ్లీ జ్వరం.

ఇది ఆగాలంటే రెండు పనులు జరగాలి. రోగం ఎందుకు వచ్చిందో జనానికి అర్థమయ్యేటట్టు చెప్పాలి. ఆ కారణాన్ని ఊరు తీసివేయాలి. చెప్పడానికి ప్రభుత్వం మనుషులను పెట్టింది. తీసివేయడానికి పంచాయతీ ఉంది. రెండూ కలిస్తేనే పని అవుతుంది. చాలా ఊళ్లలో ఇవి కలవవు. నర్సమ్మ చెప్పి పోతుంది. మోరి అట్లనే ఉంటుంది.

ఎవరి పని ఏమిటి?

పల్లెల్లో సుమారు 5,000 మంది జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలని లెక్క. అక్కడ ఏఎన్ఎం పని చేస్తుంది. జనం ఆమెను నర్సమ్మ అంటారు. ఒక నర్సమ్మకు రెండు మూడు ఊళ్లు, వాటి తండాలు ఉంటాయి. అందుకే ఆమె రోజూ రాలేదు. ఏ ఊరికి ఏ రోజు రావాలో ముందే రాసి ఉంటుంది. ఆ రోజు ఏదో తెలుసుకున్న తల్లికి టీకా తప్పదు. సుమారు 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ డాక్టరు ఉంటారు. ఈ మధ్య కొన్ని ఉపకేంద్రాలను పల్లె దవాఖానలుగా మార్చారు. బీపీ, షుగరు పరీక్షలు అక్కడ ఊరికే చేస్తారు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైంది. అప్పటి నుంచి ఊళ్లోకి ఆశ కార్యకర్త వచ్చింది. సుమారు వెయ్యి మందికి ఒక ఆశ. ఆమె ఎక్కడి నుంచో వచ్చిన మనిషి కాదు. ఆ ఊరి కోడలే. రాత్రి పన్నెండింటికి నొప్పులు మొదలైతే జనం తలుపు కొట్టేది ఆమె ఇంటిదే. ఆమెకు జీతం లేదు, పారితోషికం అంటారు. పేరు పెద్దది, పైసలు చిన్నవి. ఇక అంగన్‌వాడీ టీచరు సంగతి అందరికీ తెలిసిందే. పిల్లల బరువు తూచేది, బాలింతలకు గుడ్లు ఇచ్చేది ఆమే.

నర్సమ్మ, ఆశ, అంగన్‌వాడీ టీచరు, ఈ ముగ్గురూ చెప్పేవాళ్లు. చేయించాల్సింది పంచాయతీ. మంచినీళ్లు, మోర్లు, చెత్త, దోమలు, ఇవన్నీ పంచాయతీ పనులే. 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణలో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాల పట్టిక ఉంది. అందులో తాగునీరు ఉంది. ఆరోగ్యం, పారిశుద్ధ్యం ఉన్నాయి. స్త్రీ శిశు సంక్షేమం కూడా ఉంది. డాక్టరు, నర్సమ్మ మాత్రం ఇప్పటికీ ఆరోగ్య శాఖ కిందనే పని చేస్తారు. అందుకే ఒక్కోసారి ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. "అది మా పని కాదమ్మా" అనే మాట ఊళ్లో ఆడవాళ్లు ఎన్నిసార్లు విన్నారో లెక్క లేదు.

జడ్చర్ల పట్టణంలో పంచాయతీ లేదు, మున్సిపాలిటీ ఉంది. 2021లో అక్కడ మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. కాబట్టి పట్నంలో ఉండే ఆడవాళ్లు వార్డు కౌన్సిలరును అడగాలి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సర్పంచును, పంచాయతీ కార్యదర్శిని అడగాలి. సర్పంచు లేని కాలంలో ప్రత్యేక అధికారి ఉంటారు. పని ఒక్కటే. కొట్టాల్సిన తలుపు వేరు.

చెప్పేవాళ్లను, చేసేవాళ్లను ఒక్క చాప మీద కూర్చోబెట్టడానికి 2005 తర్వాత ఒక కమిటీ పెట్టారు. దాని పేరు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ. పంచాయతీ వాళ్లు, నర్సమ్మ, ఆశ, అంగన్‌వాడీ టీచరు, మహిళా సంఘం వాళ్లు ఇందులో ఉంటారు. సగం మందైనా ఆడవాళ్లు ఉండాలి. ఊరికి ఏడాదికి 10,000 రూపాయల దాకా ఈ కమిటీకి ఇచ్చే పద్ధతి పెట్టారు. చిన్న చిన్న అవసరాలకు ఆ డబ్బు. ఊళ్లో ఈ కమిటీలో ఎవరున్నారు, డబ్బు వచ్చిందా, దేనికి ఖర్చు పెట్టారు? ఇది అడిగే హక్కు ఊరివాళ్లకు ఉంది. చాలామందికి కమిటీ ఉన్నట్టే తెలియదు. కొన్నిచోట్ల అందులో పేరున్న ఆడవాళ్లకే తెలియదు.

సూది లేకుండా పోయిన రోగం

చెప్తే రోగం పోతుందా? మందు లేకుండా, సూది లేకుండా మాటలతో రోగం పోతుందా? పోయింది. మెట్ట ప్రాంతాల ముసలివాళ్లను అడిగితే చెప్తారు. దాని పేరు నారికురుపు.

వెనకట ఊరూరా దిగుడు బావులుండేవి. ఆడవాళ్లు బిందె పట్టుకొని మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచేవాళ్లు. ఆ నీళ్లలో కంటికి ఆనీ ఆనని చిన్న చిన్న పురుగులు ఉండేవి. వాటి కడుపులో నారిపురుగు పిల్లలు ఉండేవి. ఆ నీళ్లు తాగితే అవి మనిషి ఒంట్లోకి పోయేవి. లోపల మెల్లగా పెరిగేవి. ఏడాది దాకా మనిషికి ఏమీ తెలియదు. ఏడాదికి కాలు మీద పొక్కు లేచేది. భగభగ మండేది. పొక్కు పగిలి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టేది. అది రెండు మూడడుగుల పొడుగు. గుంజితే తెగుతుంది, తెగితే చీము పడుతుంది. అందుకే చిన్న పుల్లకు చుట్టి రోజుకు ఇంత చొప్పున బయటికి తీసేవాళ్లు. వారాల తరబడి మంచం మీదనే. చావరు, కానీ కోతల కాలంలో కాలు కదపలేరు. కూలి చేసుకునే ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

మంట తగ్గుతుందని ఆ మనిషి కాలు నీళ్లలో పెట్టేది. ఎక్కడ? అదే దిగుడు బావిలో. పురుగు కాచుకొని ఉండేది దానికే. కాలు నీళ్లలో పడగానే వేలకు వేల పిల్లలను నీళ్లలోకి వదిలేది. ఆ నీళ్లు ఊరంతా తాగేది. వచ్చే ఏడాదికి మళ్లీ ఊరంతా పొక్కులు.

ఈ రోగానికి టీకా లేదు. మింగితే పోయే మాత్ర లేదు. 1984లో దేశంలో ఏడు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 40 వేల మందికి ఈ రోగం ఉన్నట్టు లెక్క తేలింది. ఆ ఏడు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రభుత్వం ఏం చేసింది? నీళ్లను బట్టలో వడగట్టి తాగమని ఇంటింటికీ తిరిగి చెప్పించింది. ఆ చిన్న పురుగు బట్టలో చిక్కుతుంది. కురుపు ఉన్న మనిషిని బావిలో దిగనీయవద్దని చెప్పించింది. దిగుడు బావులను చేదబావులుగా మార్పించింది, బోరింగులు వేయించింది, బావుల్లో పురుగు చచ్చే మందు వేయించింది.

ఇందులో ఒకటి ఆడవాళ్లు ఇంట్లో చేసింది. ఒకటి వాడవాళ్లు చేసింది. మిగిలింది పంచాయతీలు, ప్రభుత్వం చేసింది. 1996 జూలైలో రాజస్థాన్‌లో చివరి రోగి కనబడ్డాడు. తర్వాత దేశంలో ఎక్కడా లేదు. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో నారికురుపు లేదని ప్రకటించింది. ప్రపంచం మొత్తం మీద 1986లో సుమారు 35 లక్షల మందికి ఈ రోగం ఉండేది. ఇప్పుడు ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో, ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందికే వస్తున్నది. ఒక బట్ట ముక్క, ఒక మాట. అంతే.

ట్యాంకు మీద రాసిన తేదీ

ఇప్పుడు దిగుడు బావులు లేవు. నల్లాలు వచ్చాయి. కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు వస్తున్నాయి. అయితే పైపులో వచ్చినంత మాత్రాన నీళ్లు మంచివని అనుకోరాదు. ట్యాంకు అడుగున బురద పేరుకుంటుంది. పైపు ఎక్కడో పగులుతుంది. పగిలిన చోట మోరి నీళ్లు నిలిచి ఉంటాయి. నల్లా బందు కాగానే ఆ మురికి పగులులోంచి పైపులోకి పోతుంది. మళ్లీ నల్లా రాగానే మొదటి బిందెలో పడుతుంది. వానకాలంలో కక్కుడు, పారుడు రోగం ఒకే వాడలో పది ఇళ్లకు వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే.

అందుకే ట్యాంకు కడగాలి. నీళ్లలో బ్లీచింగ్ పౌడరు కలపాలి. కడిగే పని, కలిపే పని పంచాయతీది. వెయ్యి లీటర్ల నీళ్లకు మంచి పౌడరు రెండు మూడు గ్రాములు సరిపోతుంది. నీళ్లు మురికిగా ఉంటే ఇంకొంచెం కావాలి. పౌడరును నేరుగా ట్యాంకులో పోయకూడదు. బకెట్‌లో కొన్ని నీళ్లతో కలిపి, సున్నం అడుగుకు దిగిన తర్వాత పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోయాలి. గంట ఆగి నల్లా వదలాలి. మూతి విప్పి మూలకు పడేసిన సంచిలో పౌడరు వాసన పోతుంది, బలమూ పోతుంది. అట్లాంటి పౌడరు ఎంత వేసినా సున్నం వేసినట్టే.

పౌడరు కలిపారో లేదో ఎట్లా తెలుస్తుంది? దానికి ఒక చిన్న పరీక్ష ఉంది. చిన్న గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి రెండు మూడు చుక్కల మందు వేస్తారు. నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. రంగు రాకపోతే లేనట్టు. ఈ పరీక్ష ట్యాంకు దగ్గర చేయడం కాదు, వాడలో చివరి ఇంటి నల్లా దగ్గర చేయాలి. ట్యాంకు దగ్గర ఎప్పుడూ బాగానే ఉంటుంది.

చాలా ఊళ్లలో ట్యాంకు గోడ మీద ఎప్పుడు కడిగారో తేదీ రాస్తారు. నిన్నటి దాకా అది చదవలేని ఆడవాళ్లకు అది గోడ మీది గీత. చదవడం వచ్చాక అది లెక్క. ఒక తేదీ పడి నెల దాటినా మారలేదంటే రెండింట్లో ఒకటి. కడగలేదు, లేదా కడిగి రాయలేదు. ఏదైనా అడగవలసిందే. కారోబారును అడగవచ్చు. "ట్యాంకు ఎప్పుడు కడిగిండ్రు అన్నా? గోడ మీద పాత తారీఖే ఉన్నది" అంటే చాలు. కొట్లాడనక్కర లేదు.

ఇంట్లో చేయాల్సింది కూడా ఉంది. అనుమానం ఉన్న రోజుల్లో నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చి తాగాలి. కుండ మీద మూత ఉండాలి. చెంబు లోపల ముంచకూడదు. పొడుగు కాడ ఉన్న గరిటెతో తీయాలి. ఎందుకంటే ఎంత మంచి నీళ్లయినా ఐదు వేళ్లు మునిగితే మంచివి కావు.

ఇక్కడ ఒక సంగతి వేరుగా చెప్పాలి. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు పోదు. కాచినకొద్దీ నీళ్లు ఇంకుతాయి, ఫ్లోరైడు అంతే మిగులుతుంది. నల్గొండ జిల్లాలో బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లు, నడుములు వంగినవాళ్లు, కాళ్లు దొడ్డిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. అది రాతి పొరల్లోంచి నీళ్లలోకి వచ్చే ఉప్పు. కంటికి కనబడదు, నోటికి తెలియదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే తాగకూడదు. పైపు నీళ్లు వస్తున్నా, చల్లగా ఉంటాయని పాత బోరింగు నీళ్లే తాగే ఇళ్లు ఉన్నాయి. ఆ బోరింగు నీళ్లు ఒకసారి పరీక్షకు పంపమని పంచాయతీని అడగాలి. వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు.

చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

పిల్లలకు పారుడు పట్టుకుంటే చంపేది క్రిమి కాదు, ఒంట్లోంచి నీళ్లు, ఉప్పు పోవడం. "పారుతుంటే నీళ్లు తాపొద్దు, ఇంకా ఎక్కువైతది" అని పెద్దవాళ్లు అంటారు. వాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ అది తప్పు. చిల్లుపడిన కుండలో నీళ్లు పోయకపోతే కుండ ఎండుతుంది. చిల్లు పూడేదాకా పోస్తూనే ఉండాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగినప్పుడు లక్షల మంది కట్టుబట్టలతో పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. వాళ్లలో కలరా లేచింది. బన్‌గావ్ అనే ఊళ్లో దవాఖాన నేల మీద రోగులు వరసగా పడి ఉన్నారు. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడ దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో నింపించాడు. రోగుల వెంట వచ్చిన తల్లులు, అక్కలు చెంబులతో తాపారు. అంతకు ముందు నూటికి 30 మంది చనిపోయేవాళ్లు. ఈ నీళ్లు తాపినచోట నూటికి నలుగురికి లోపే చనిపోయారు. ఈనాడు ఆశ దగ్గర, అంగన్‌వాడీలో ఊరికే దొరికే ఓఆర్ఎస్ పొట్లం అదే.

నీళ్లు కనిపెట్టడం ఒక ఎత్తు. ప్రతి తల్లికీ నేర్పడం ఇంకో ఎత్తు. యుద్ధం తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఆ పని చేసింది. వాళ్ల కార్యకర్తలు ఆడవాళ్లే. ఊరూరు నడిచి, గడప గడపకూ పోయారు. అక్కడ చాలామందికి చదువు లేదు, ఇళ్లలో కొలత చెంచాలు లేవు. అందుకని వేళ్లనే కొలతగా పెట్టారు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, ఒక పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు. చెప్పి ఊరుకోలేదు. తల్లి చేతనే కలిపించారు.

నెల తర్వాత వేరే మనిషి వచ్చి ఆ తల్లిని అడిగేవాడు. ఆమెకు ఎన్ని సంగతులు గుర్తున్నాయో దాన్ని బట్టి కార్యకర్తకు పైసలు. తల్లికి గుర్తు లేకపోతే కార్యకర్తకు నష్టం. ఎన్ని ఇళ్లు తిరిగిందన్నది కాదు, ఎంతమందికి అర్థమైందన్నదే లెక్క. ఈ పద్ధతి ఎక్కడికైనా పనికివస్తుంది. అయినా మొదట్లో తల్లులు నేర్చుకున్నారు గానీ పిల్లలకు తాపలేదు. ఎందుకని విచారిస్తే రెండు కారణాలు తేలాయి. చెప్పే కార్యకర్తలకే ఆ నీళ్ల మీద నమ్మకం లేదు. ఇంట్లో మగవాళ్లకు ఎవరూ చెప్పలేదు. అప్పుడు కార్యకర్తలకు దవాఖానలో రోగులు కోలుకోవడం చూపించారు. వాళ్లు తల్లుల ముందర ఆ నీళ్లు తామే తాగి చూపించారు. మగవాళ్లకు బజార్లలో, మసీదుల దగ్గర చెప్పారు. పదేళ్లలో కోటి 20 లక్షల ఇళ్లకు ఈ మాట చేరింది.

పొట్లం ఉంటే పొట్లమే మంచిది. లీటరు పొట్లమైతే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొట్లం, సగం గ్లాసు అని అంచనా వేయకూడదు. కలిపిన నీళ్లు 24 గంటలే పనికివస్తాయి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. చెంచాను తలగొట్టి కొలవాలి, కుప్పగా కాదు. నాలుక మీద వేసి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఉంటే పారబోసి మళ్లీ కలపాలి. చెంచా చెంచా తాపాలి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ తాపాలి. తల్లిపాలు ఆపకూడదు. జింకు మాత్రలు ఇస్తే పారుడు ఆగినా 14 రోజులూ వేయాలి.

కండ్లు లోపలికి పోయినా, ఉచ్చ పోయకపోయినా, పిల్లవాడు తాగలేక మత్తుగా పడి ఉన్నా, దొడ్డికిలో నెత్తురు పడినా ఇంట్లో ఆగవద్దు. 108కి ఫోన్ చేయాలి. దారి పొడుగునా ఆ నీళ్లు తాపుతూనే ఉండాలి.

మూటలో పెట్టుకోవాల్సిన కార్డు

గర్భిణిగా పేరు రాయించుకున్నప్పుడు నర్సమ్మ ఒక కార్డు ఇస్తుంది. తల్లీ బిడ్డల కార్డు. చాలా ఇళ్లలో అది పెట్టె అడుగున ఉంటుంది, లేదా చూరులో ఉంటుంది. అందులో ఏముందో చదవడం ఒక్క పూట పని.

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, కామెర్లు రాకుండా ఒక సూది. తర్వాత నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు. తర్వాత తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా. ఏడాదిన్నరకు మళ్లీ తట్టు టీకా, ఇంకా బూస్టర్లు. వేసిన ప్రతి టీకా ఎదురుగా తేదీ రాస్తారు. ఖాళీ గడి కనబడితే ఆ టీకా పడలేదన్నట్టు.

"సూది ఇప్పిస్తే పిల్లగానికి జరమొచ్చింది, ఇంకోపారి ఇప్పియ్య" అనే అత్తలున్నారు. కొన్ని టీకాలకు ఒకటి రెండు రోజులు జ్వరం వస్తుంది. ఒళ్లు రోగంతో కొట్లాడడం నేర్చుకుంటున్నదని దాని అర్థం. నర్సమ్మ ఇచ్చిన మాత్ర వేస్తే తగ్గుతుంది. పోలియో వస్తే కాలే పోతుంది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ రోగం ఒక్కరికీ రాలేదు. 2014లో పోలియో లేదని ప్రకటించారు. అది కూడా ఇంటింటికీ తిరిగిన చుక్కల డబ్బా చేసిన పనే.

పాలమూరుకు ఇంకో కష్టం ఉంది. పండుగ కాగానే ఊరు సగం ఖాళీ. పిల్లలు కూడా వెంట పోతారు. నర్సమ్మ వచ్చేసరికి ఇంటికి తాళం. అక్కడ పని చేసే చోట ఎవరూ అడగరు. ఆరు నెలల తర్వాత తిరిగి వచ్చేసరికి రెండు మూడు టీకాలు తప్పి ఉంటాయి. కాబట్టి బియ్యం మూటలో కార్డు పెట్టుకొని పోవాలి. పూణె అయినా, బొంబాయి అయినా, బెంగుళూరు అయినా సర్కారు దవాఖానలో టీకా ఊరికే వేస్తారు. భాష రాకపోయినా కార్డు చూపిస్తే చాలు. తప్పిన టీకా ఉంటే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర లేదు. ఆగినచోటు నుంచి వేస్తారు. "ఎట్లాగూ తప్పిపోయింది" అని వదిలేయడమే అసలు నష్టం.

గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రల సంగతి కూడా ఆ కార్డులోనే ఉంటుంది. రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు. అవి మింగితే బిడ్డ నల్లగా పుడతాడని ఒక పుకారు. నల్లగా అయ్యేది దొడ్డికి మాత్రమే, బిడ్డ కాదు. మాత్రతో పాటు చాయ తాగితే రక్తానికి అందేది తగ్గుతుంది. అన్నం తిన్న తర్వాత నీళ్లతో వేసుకోవాలి.

పొగ మిషను వచ్చినప్పుడు

దోమల మందు పొగ మిషను వస్తే పిల్లలు వెంట ఉరుకుతారు, నాయకులు ఫోటో దిగుతారు. ఆ పొగకు ఎగిరే దోమలే చస్తాయి. గోళెంలో, కూలరులో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో ఉన్న దోమ పిల్లలకు ఏమీ కాదు. గుడ్డు పెట్టిన నాటి నుంచి దోమ లేవడానికి సుమారు వారం పది రోజులు. అందుకే వారానికి ఒకరోజు పెట్టుకొని, నిలవ నీళ్లన్నీ పారబోసి, గోళెం రుద్ది కడిగి ఎండబెట్టమని చెప్తారు. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. మురికి నీళ్లలో కాదు, మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. మోరి పంచాయతీది, గోళెం ఇంటిది. ఒక ఇల్లు కడిగి పక్క ఇల్లు కడగకపోతే కడిగిన ఇంటికీ డెంగీ వస్తుంది.

గ్రామసభలో

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. ఊళ్లో ఓటు ఉన్న ప్రతి మనిషీ అందులో సభ్యురాలే. పిలుపు కోసం ఎదురుచూడనక్కర లేదు. సర్పంచు, వార్డు పదవుల్లో సగం ఆడవాళ్లకే. కొన్నిచోట్ల భార్య సర్పంచు, కుర్చీలో భర్త. అది చట్టం ఒప్పుకోదు.

గ్రామసభకు ఒక్కరు పోయి మాట్లాడితే మాట గాలికి పోతుంది. సంఘం ఆడవాళ్లు ముందు రోజు కూర్చొని ఏం అడగాలో కాగితం మీద రాసుకుంటే మంచిది. నాలుగు ముక్కలు చాలు. ట్యాంకు ఎప్పుడు కడిగారు? చివరి వాడ నల్లాలో క్లోరిన్ పరీక్ష చేశారా? పగిలిన పైపు ఎప్పుడు బాగుచేస్తారు? ఆరోగ్య కమిటీలో ఎవరెవరున్నారు, డబ్బు ఎంత వచ్చింది? నర్సమ్మను, ఆశను కూడా ఆ రోజు రమ్మనాలి. ఏ వాడలో ఎక్కువ జ్వరాలు వస్తున్నాయో వాళ్ల రిజిస్టరులో ఉంటుంది. పైపు పగిలింది ఏ వాడలోనో కారోబారుకు తెలుసు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే చాలాసార్లు ఒకే వాడ పేరు వస్తుంది.

సభ అయిపోయాక తీర్మానాల పుస్తకం తిప్పుతారు. ఇంతకు ముందు ఆడవాళ్లు వేలిముద్ర వేసి లేచిపోయేవాళ్లు. ఇప్పుడు సంతకం నేర్చారు. సంతకం పెట్టే ముందు పైన ఏం రాశారో చదవాలి. పైపు సంగతి మాట్లాడితే పైపు సంగతి రాశారా? ఎప్పటిలోగా చేస్తారో తేదీ వేశారా? రాయకపోతే అక్కడే రాయించాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టరాదు. రాసిన తీర్మానాన్ని పెద్దగా చదవమని కార్యదర్శిని అడగవచ్చు. ఆ తీర్మానం తేదీని సంఘం పుస్తకంలో కూడా రాసి పెట్టుకుంటే రెండు నెలల తర్వాత జరిగే సభలో మొదటి ప్రశ్న దాని గురించే అడగవచ్చు.